గానుగ ముందు పెళ్లికూతురు

"తోట తగలబెట్టారు. కాపలావాణ్ణి చంపేశారు. ఒక్క గడ మిగిలింది. అది కావాలి."

సురబయా ఆఫీసులో చీఫ్ సస్మితో ఇచ్చే బ్రీఫింగ్ ఎప్పుడూ ఇంతే. ఏజెంట్ హాండోకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చెరకు గడ కోసం గూఢచారినా, పాక్?" పెద్దవాళ్లని అక్కడ పాక్ అనీ, ఆడవాళ్లైతే బు అనీ పిలుస్తారు.

"నవ్వకు. మన చెరకుని అడవి రెల్లుతో సంకరం చేస్తే పుట్టే మొక్కల్లో క్రోమోజోములు వందకు పైనే. తరం మారేసరికి కొన్ని రాలిపోతాయి. తెగులుని తట్టుకునే రెల్లు గుణం కూడా వాటితోనే పోతుంది. మన చెరకు శాస్త్రవేత్త బు మిలాహ్ ఇరవయ్యేళ్లు తంటాలు పడి, ఆ గుణం జారిపోని మొక్కని నిలబెట్టింది. అది పోతే వచ్చే ఏడు నుంచి మన రైతులంతా నాటే ముచ్చెల కోసం నీలికొంగ ముఠా కాళ్లు పట్టుకోవాలి. తెగులు తెచ్చిందీ వాళ్లే, విరుగుడు అమ్మేదీ వాళ్లే!"

హాండోకోకి ఒళ్లు మండింది. "గడ ఎక్కడుంది?"

"వొనోతిర్తో అనే చక్కెర మిల్లు ఊళ్లో మిలాహ్ ఎక్కడో దాచింది. చెప్పేలోపే ఆమెకి ఎవరో మత్తుసూది పొడిచారు. ఆసుపత్రిలో దిండు కింద ట్రాన్స్‌మిటర్ పెట్టించాను. కళ్లు తెరిస్తే నీ వాచీలో పలుకుతుంది, నీ మాటా ఆమెకి వినిపిస్తుంది. అక్కడ మన ఏజెంట్ రాట్రిని కలువు. కోడ్ వర్డ్, బెల్లం కాఫీ."

వొనోతిర్తోలో ఆ రోజు చెరకు పెళ్లి. ఏటా గానుగ తిరిగే ముందు రెండు చెరకు గడలకి ముఖాలు గీసి, పెళ్లిబట్టలు కట్టి, ఊరేగించి, దువా చదివి, జంటని గానుగకి అప్పగిస్తారు. అంతవరకూ పెళ్లికూతురి మీద చెయ్యి వేస్తే మిల్లు మేనేజరుకైనా తన్నులు తప్పవు. చెరకు నమిలి ఉమ్మేసేవాళ్లకి ఈ మర్యాద అర్థం కాదు, కానక్కర్లేదు కూడా.

గంట వాయించేవాడి వేషంలో హాండోకో మేళంలో దూరాడు. పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్న రాట్రి ఆకుపచ్చ కెబాయా రవికలో, సిగలో మల్లెలతో మెరిసిపోతోంది.

"బెల్లం కాఫీ దొరుకుతుందా, మ్బాక్?" అక్కా అన్నట్టు అడిగాడు.

"ఊరేగింపు అయ్యాక పోస్తాను, మాస్," అంది ఆమె, అన్నా అన్నట్టే. "గడ గిడ్డంగిలో భద్రంగా ఉంది. ముందు గంట కొట్టండి, ఈ వేషం మీకు భలే కుదిరింది."

ఊరేగింపు గానుగ దగ్గరికి చేరింది. జంటని బెల్టు మీద పడుకోబెట్టారు. సరిగ్గా అప్పుడే వాచీ గురగురలాడింది.

"ఎవరు నాయనా అక్కడ?" మిలాహ్ గొంతు, నీరసంగా. "పెళ్లికూతురే నా మొక్క. దాన్ని ఎవరూ ముట్టరని అక్కడ దాచాను. చివర్లో నేనే మార్చేదాన్ని. నాకు సూది పొడిచింది ఆ రాట్రే."

హాండోకో వీపుకి లిప్‌స్టిక్ గొట్టం ఒకటి గుచ్చుకుంది.

"ఇది పెదాలకి పూసేది కాదు, మాస్," అంది రాట్రి తియ్యగా. "ఒక్క తూటా ఉంది. నేను వేలు కూడా కదపక్కర్లేదు, ఈ ఊరే దాన్ని నలిపేస్తుంది. చప్పట్లు కూడా కొడుతుంది."

బెల్టు కదిలింది. గానుగ పళ్లు దగ్గరయ్యాయి.

"పెళ్లికొడుకు నల్లగా ఉన్నాడా?" వాచీలో మిలాహ్.

"నల్లగానే ఉన్నాడు, బు."

ఆమె నవ్వింది. రెండే మాటలు చెప్పింది.

"కాలిస్తే కాల్చుకో," అన్నాడు హాండోకో రాట్రితో. ఒక్క ఉదుటున పెద్ద గంట మోగించాడు. ఆ గంట మోగితే పాట ముగిసినట్టే. మేళం మొత్తం ఠక్కున ఆగిపోయింది.

"ఈ పెళ్లి చెల్లదు! పెళ్లికొడుకు వేషంలో ఉన్నది పెళ్లికూతురి కన్నతల్లి!"

పెళ్లి జరిపించే పెద్ద, పాక్ కస్బోలాహ్ కళ్లజోడు ముక్కు మీదికి జారింది. "ఏం కూస్తున్నావయ్యా?"

హాండోకో వాచీని మైకుకి ఆనించాడు. మిలాహ్ గొంతు మిల్లంతా మోగింది.

"నిజమే, పాక్! ఆ నల్లచెరకు పువ్వుకే నేను రెల్లు పుప్పొడి అద్దాను. తల్లులు సగం క్రోమోజోములే ఇస్తారు. ఆ తల్లి సగంతో సరిపెట్టలేదు, ఉన్నవన్నీ ఇచ్చేసింది. అంతటి తల్లికి కూతుర్నే కట్టబెడతారా?"

"అస్తగ్‌ఫిరుల్లా! ఆపండి! దించండి పిల్లని!"

రాట్రికి సహనం నశించింది. "మతి పోయిందా మీకు? అవి వట్టి చెరకు గడలు!"

పదేళ్లు పరదేశంలో ఉన్న మనిషి కాబట్టి అనేసింది. పెళ్లిరోజున ఆ మాట ఊళ్లో తాగుబోతు కూడా అనడు. తెల్లవారినప్పటినుంచీ పిల్ల అప్పగింతలని ఏడుస్తున్న ఆడవాళ్లు ఒక్కసారిగా తిరిగారు.

"మా పిల్లని గడ అంటావటే?"

తూటా పేలి గంటకి తగిలింది. రెండోది లేదు. ఉన్నా పేల్చే వీలు లేదు, అప్పటికే ముగ్గురు ఆమె మీద కూర్చున్నారు. హాండోకో బెల్టు మీదికి దూకాడు. బాతిక్ చీర కుచ్చిళ్లు గానుగలో నలిగాయి. గడ మాత్రం అతని చేతికొచ్చింది, మొలకెత్తే కన్ను ఒక్కటీ చెదరకుండా.

సాయంత్రం ఆసుపత్రి మంచం మీదే మిలాహ్ గడని ముచ్చెలుగా కోసి తడిగోనెలో చుట్టింది. ఎవర్నీ ముట్టనివ్వలేదు. "తోట తగలబెడితే మళ్లీ నాటుతాం. ఎన్నిసార్లయినా," అంది. హాండోకో మూట కట్టడానికి తాడు అందించాడు.

"పాక్ కస్బోలాహ్ మీ ల్యాబుకి వచ్చి దువా చేస్తానంటున్నారు, బు. ఊరి పరువు కాపాడారట మీరు."

"వద్దు నాయనా, రానివ్వకు!" మిలాహ్ కంగారుగా లేచి కూర్చుంది. "పిల్ల మొక్కల్లో చక్కెర పెరగాలని, తరం తరం కూతుర్ని ఆ తల్లికే ఇచ్చి పెళ్లి చేస్తూ వచ్చింది నేనే!"