ఎడమ కిటికీ, కుడి కిటికీ

పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా పనికి వెళ్లిన నాన్న గంటలో తిరిగొచ్చేశాడు. చెప్పులు విడిచిన తీరులోనే తెలిసిపోయింది, ఇవాళ ఇంట్లో ఎవరికో మూడిందని. ముప్పై ఏళ్లుగా ఇళ్లకు కిటికీలు చేసి బిగిస్తున్న మనిషి ఆయన. గోడలో వదిలిన ఖాళీని కొలిచి కాగితం మీద రాసుకొస్తే, కూతురు ఆ కొలతలు కంప్యూటర్లో ఎక్కిస్తుంది. వాటి ప్రకారమే మిషను చెక్క కోస్తుంది. అయితే వారం రోజులుగా కూతురికి జ్వరం. ఈసారి ఆ పని అమ్మ చేసింది.

"నాలుగు ఫ్రేములూ గోడలో పట్టలేదు," అన్నాడు అమ్మతో. "ఒక్కోటీ అయిదు సెంటీమీటర్లు ఎక్కువ. ఆ ఇంటివాళ్ల ముందు తల కొట్టేసినట్టయింది. ఏం కొట్టావు అందులో?"

"మీరు రాసిందే కొట్టాను."

"రాసింది రాసినట్టు కొడితే ఎందుకు పట్టవు? చేతకాకపోతే చేతకాదని చెప్పొచ్చుగా."

మాటకు మాట అప్పజెప్పే అమ్మకే ఈసారి అనుమానం వచ్చింది. నిజంగానే తప్పు తనదేనేమోనని ఆ కాగితం కోసం వెతకడం మొదలుపెట్టింది. మంచం మీదున్న కూతురు అంతా వింటోంది. చెప్తే నాన్న కుంగిపోతాడు. చెప్పకపోతే అమ్మ చెయ్యని తప్పు మోస్తుంది. ఎనిమిది నెలలు నోరు కట్టేసుకుంది, ఇక ఆమె వల్ల కాలేదు.

"అమ్మ తప్పేం లేదు నాన్నా. ఇలా రా."

దుప్పటి కప్పుకునే కంప్యూటర్ ముందు కూర్చుని, తెర మీద పక్కపక్కనే రెండు కిటికీలు తెరిచింది.

"గాలొస్తుందా, వెలుతురొస్తుందా వీటికి," అని గొణిగాడు నాన్న. కంప్యూటర్ కిటికీలంటే ఆయనకు మొదటినుంచీ చులకనే.

"ఎడమ కిటికీలోవి నువ్వు రాసిచ్చిన కొలతలు. కుడి కిటికీలోవి నేను దిద్దినవి. సాయంత్రాలు నడకకని చెప్పి వెళ్తానే, నువ్వు కొలిచిన ఇళ్లకే వెళ్లి మళ్లీ కొలిచొస్తున్నా. టేపు మీద మూడు నీకు ఎనిమిదిలా కనిపిస్తోంది నాన్నా."

ఆయన ముఖం జేవురించింది. "అంటే ఇన్నాళ్లూ నా వెనకాలే తిరుగుతున్నావన్నమాట. నేను పనికిరానివాణ్ణయ్యాననేగా?"

"చెప్తే పని మానేస్తావని భయమేసింది. పని లేకుండా నువ్వు ఒక్కరోజు కూడా ఉండలేవు."

"చీమ తలకాయలంత అంకెలు వేసి నాకు చూపు లేదంటావేం? పెద్దవి చెయ్యి."

ఆమె కుడి కిటికీని తెర నిండా పరిచి అంకెలు పెంచింది.

"ఇదెంత?"

"నూట ఇరవై ఎనిమిది."

ఇంకా పెంచింది.

"ఎనిమిదే."

ఆమె పెంచుతూనే పోయింది. చివరికి తెర మీద ఒక్క అంకె మిగిలింది, అరచెయ్యంత. నాన్న ముందుకు వంగి చాలాసేపు చూశాడు.

"మూడు," అన్నాడు.

ఆయన అమ్మ వైపు తిరిగాడు. "నిన్ను అనవసరంగా అన్నాను."

"అనడం కొత్తేముందిలెండి," అంటూ అమ్మ ఆయన వీపు నిమిరింది.

నాన్న కూతురి తల మీద చెయ్యి వేశాడు.

"జ్వరం తగ్గాక కళ్ల డాక్టరు దగ్గరికి నువ్వూ రావాలమ్మా. ఒక్కణ్ణే వెళ్తే, అన్నీ కనిపిస్తున్నాయని చెప్పి వచ్చేస్తాను."