రేపల్లె దాటని పార్సెల్

ఉదయం ఆరింటికి రేపల్లె కాలవలో ఏజెంట్ సుబ్బారావు శవం తేలింది. ఏడింటికల్లా తోటి ఏజెంట్ బర్నబాస్ బాపట్లలో చీఫ్ వెంకటరాఘవయ్య ముందున్నాడు.

"మీటర్ రీడర్ వేషంలో మనీషా ఇంట్లోకి వెళ్ళి దొరికిపోయాడు," అన్నారు చీఫ్. "అక్కడి డెస్క్‌టాప్‌లో మనకు సమాచారమిచ్చే పదకొండు మంది అడవులదీవి జాలర్ల పేర్లున్నాయి. ఇక్కడ విదేశీ ముఠాకి పనిచేసేవాళ్ళ పేర్లూ ఉన్నాయి. వాళ్ళని పట్టుకుంటేనే ఆ పదకొండు ఇళ్ళూ నిలబడతాయి. ఇవాళే ఆ డెస్క్‌టాప్‌ని ముఠాకి పార్సెల్ చేస్తోంది."

"రైడ్ చేద్దామండి."

"తలుపు తడితే దాన్ని పగలగొట్టేస్తుంది. ఆ మదర్‌బోర్డుకి తగిలిస్తేనే హార్డ్ డిస్క్ తెరుచుకుంటుంది. రెండూ చెక్కుచెదరకూడదు. ప్యాకింగ్‌కి మనిషి కావాలని తెనాలి కంప్యూటర్ షాపుకి ఫోన్ చేసింది. ఆ మనిషివి నువ్వే."

పది గంటలకి రేపల్లెలో, రెండో అంతస్తులో మనీషా తలుపు తీసింది. నల్ల పట్టుచీర, ముత్యాల దుద్దులు. పోయినేడు దాకా ఇటు డిపార్ట్‌మెంటు జీతం, అటు ముఠా జీతం తీసుకున్న డబుల్ ఏజెంట్. మూడేళ్ళు ఫోన్లోనే ఆమెతో పనిచేశాడు బర్నబాస్. ఆమెకి అతని ముఖం తెలియదు గానీ గొంతు గుర్తుపడుతుంది. అందుకే జలుబు చేసినవాడిలా మాట్లాడాడు.

ఆమె పిస్టల్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "వాగకుండా పని చెయ్."

భయం నటించాల్సిన అవసరం రాలేదు. ఒంట్లోని స్థిర విద్యుత్తు భాగాలకి తగలకుండా మణికట్టుకి యాంటీ స్టాటిక్ బ్యాండ్ తగిలించుకుని కేబినెట్ విప్పాడు. గ్రాఫిక్స్ కార్డు, కిలో బరువున్న ప్రాసెసర్ కూలర్ ఊడదీశాడు.

"అన్నీ పీకుతున్నావేంటి?"

"లారీ కుదుపులకి ఇవి ఊగి బోర్డుని విరగ్గొడతాయండి. హార్డ్ డిస్క్ కూడా విడిగా కట్టాలండి."

"దాన్ని ముట్టుకుంటే చేతులుండవు."

"మీ ఇష్టమండి. పగిలితే మీవాళ్ళు అడిగేది మిమ్మల్ని."

ఆమె పెదవి కొరికి తలూపింది. డిస్క్‌ని యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, మందంగా బబుల్ ర్యాప్ చుట్టి, ఫోమ్ పరిచిన చిన్న పెట్టెలో బిగించాడు. కేబినెట్ ఖాళీల్లో కూడా ఫోమ్ కుక్కాడు.

"నిన్న మీటరు వాడొకడు ఇలాగే ఎక్కువ మాట్లాడాడు," నవ్వింది. "కాలవలో పడుకున్నాడు."

"వాడి పేరు సుబ్బారావు."

అతని అసలు గొంతు బయటపడిపోయింది.

"బర్నబాస్!" ఆమె పిస్టల్ ఎత్తింది. అతను కూలర్‌ని ఆమె మణికట్టు మీదికి విసిరాడు. గుండు మానిటర్లో దిగింది. పిస్టల్ మంచం కిందికి జారింది. అతను చెయ్యి చాపేలోపు ఆమె చిన్న పెట్టె అందుకుని కిటికీలోంచి గిరాటేసింది.

కింద సిమెంటు రోడ్డు. ఆ చప్పుడుకి బర్నబాస్ గుండెలో పదకొండు ఇళ్ళు కూలాయి.

ముందు ఆమె సంగతి చూసి, తర్వాత మెట్లు దిగి పరుగెత్తాడు. పెట్టె మూల చితికింది. దాన్ని పైకి తెచ్చి, రెక్కలు వంగిన కూలర్‌నే మళ్ళీ బిగించి, డిస్క్ తగిలించి, హాల్లోని టీవీకి కలిపాడు. టీవీ చాలాసేపు నల్లగానే ఉంది. తర్వాత ముఠావాళ్ళ పేర్లూ, జాలర్ల పేర్లూ వచ్చాయి. పదకొండూ లెక్కపెట్టి, కుర్చీలో కూలబడ్డాడు.

చీఫ్ ఫోన్ చేశారు. "సరుకు?"

"క్షేమమండి."

"మనీషా పారిపోయిందా?"

"లేదండి, ఆవిణ్ణీ ప్యాక్ చేసేశాను. బబుల్ ర్యాప్ అయిపోయింది, ఉత్త టేపుతోనే సరిపెట్టానండి."