మూడో ట్యాంకు తాళం

ఆదివారం మా పాల ఫ్యాక్టరీకి సెలవు. అయినా మేనేజర్ రమ్మన్నాడు. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ మీది బస్సుల హోరు సన్నగా వినిపిస్తోంది. సాయంత్రం నాలుగయింది. ఫోన్ గేటు దగ్గర లాకర్‌లో పెట్టి లోపలికి వెళ్లాను. మెషీన్ల దగ్గరికి ఫోన్ తీసుకెళ్లకూడదన్నది రూలు. నేను ఒక్క రూలు కూడా తప్పను. అయిదింటికి సిద్దిపేటలో మా చెల్లెలి ఇంట్లో ఉన్న నా పిల్లలు స్వీటీ, పింటూ నా ఫోన్ కోసం చూస్తుంటారు. ఆలోపు బయటపడాలి.

మేనేజర్ జగదీశ్వర్ సార్ మూడో ట్యాంకు పక్కన కాగితంతో నిలబడ్డాడు.

"సాక్షిగా సంతకం పెట్టు లావణ్యా. సిద్దిపేట యూనిట్‌కు ట్రాన్స్‌ఫర్ ఇప్పిస్త. పిల్లల దగ్గర ఉంటవ్."

కాగితంలో ఒకటే వాక్యం. 'ఎల్లప్ప తాళం వేయకుండా ట్యాంకులోకి దిగాడు.'

అబద్ధం. ట్యాంకు కడగడానికి దిగే ప్రతి మనిషీ తన పేరు చెక్కిన తాళం స్విచ్‌కి వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగుతాడు. వేసినవాళ్లే తీయాలి. ఇరవై ఏళ్లలో ఎల్లప్ప ఒక్కసారి తప్పలేదు. దిగేముందు ట్యాంకును మూడుసార్లు తట్టేవాడు కూడా. "లోపల ఈగ గిట్ట ఉంటే పక్కకు జరుగుతది బిడ్డా" అని నవ్వేవాడు.

తప్పింది వీళ్లు. ఆఫీసు కంప్యూటర్లనూ మెషీన్లనూ ఒకటి చేస్తామని హెడ్డాఫీసు వాళ్లు వచ్చి, కరెంటు ఆపే స్విచ్ పీకేసి, కంప్యూటర్‌కి కబురు పంపే స్విచ్ పెట్టారు. ఇప్పుడు తాళం వేస్తే కరెంటు పోదు. తెర మీద 'లోపల ఒకరు' అని పడుతుంది, అంతే. ఇది ప్రమాదమని రెండుసార్లు రాసిచ్చాను. మూడోసారి రాయలేదు. పదిహేను రోజుల కింద ఆఫీసులో ఎవరో ఏసీ కింద కూర్చుని, ట్యాంకు ఎందుకు ఆగిందని విసుక్కుని రీసెట్ నొక్కారు. లోపల ఎల్లప్ప ఉండగానే పాలు కలిపే రెక్కలు తిరిగాయి.

పెన్ను తీసుకున్నాను. స్వీటీ ముఖం గుర్తొచ్చింది. చెయ్యి కాగితం మీదికి వెళ్లింది...

టక్. టక్. టక్.

ట్యాంకు లోపలి నుంచి.

గుప్పున పులిసిన పాల వాసన. ప్యానెల్ మీది తెర వెలిగింది. 'మూడో ట్యాంకు. లోపల ఒకరు.' స్విచ్‌కి తాళమే లేదు. ఎల్లప్ప తాళాన్ని పోలీసులు రాకముందే సార్ కోయించి తీసేయించాడు.

"కంప్యూటర్ ఖరాబైంది..." సార్ గొంతు తగ్గింది.

"కంప్యూటర్ తప్పు చెప్పదంటిరి గద సార్. తప్పంత ఎల్లప్పదే అంటిరి."

"లొల్లి చెయ్యకు. ఎవడున్నడో చూపిస్త."

టార్చి పట్టుకుని, మూత తీసి దిగాడు. తాళం వేయకుండా!

కోపమొచ్చింది. అయినా అతని కోసం నా తాళం వేశాను. అదీ నమ్మలేక, పరుగెత్తి ఆ ట్యాంకు ఫ్యూజులు మూడూ పీకి పట్టుకున్నాను. తెర ఆరిపోవాలి.

ఆరలేదు.

'లోపల ఇద్దరు.'

ఒక కేక. నిచ్చెన మీద కాళ్లు జారుతున్న చప్పుడు. సార్ పైకొచ్చాడు. చొక్కా నిండా పాలు... ఆ ట్యాంకు పదిహేను రోజులుగా ఎండి ఉంది.

"వాడు... ఇంకా కడుగుతనే ఉన్నడు."

కాగితం ఆయన కళ్లముందే చింపాను. "ట్రాన్స్‌ఫర్ మీరే తీసుకోండ్రి సార్. ఎల్లప్ప తాళం ఏసిండని రేపు పోలీసులకు నేనే రాసిస్త."

గేటు దగ్గర ఫోన్ తీసేసరికి అయిదుంపావు.

"స్వీటీ, లేటయింది బిడ్డా. చిన్నమ్మ ఏది?"

"వంటింట్ల ఉన్నది. అమ్మా, ఇంటి తలుపు తెరుసుకుంటలేదు. బయట ఎవరో తాళం ఏసి పోయిన్రు. పింటూ కిటికీల నుంచి చూసిండు." స్వీటీ గొంతు తగ్గించింది. "దాని మీద నీ పేరున్నదంట."

నా తాళం మూడో ట్యాంకు స్విచ్‌కే వదిలి వచ్చాను. వేసినవాళ్లే తీయాలి. జేబులో తాళంచెవి కోసం తడిమాను.

చెవి ఉంది. జేబంతా పాలతో తడిసి ఉంది.