గుమ్మంలో ఆకుపచ్చ కప్ప

ఊరంతటికీ మందుల షాపు ఒక్కటే. దాని గుమ్మంలో, వెళ్ళేవాళ్ళ కాలికి తగిలేంత దగ్గరగా, ఆకుపచ్చ పింగాణీ కప్ప ఒకటి కూర్చుని ఉంటుంది. ఊరివాళ్ళకు అది ముచ్చటైన బొమ్మ. ఊరి బయట గుడారాల్లో ఉండే జిప్సీ పిల్ల ఒలిందా వాళ్ళకు మాత్రం 'మీరు రావద్దు' అనే బోర్డు. జిప్సీలకు కప్పంటే అపశకునం. పేరు కూడా నోట పలకరు, 'ఆ ప్రాణి' అంటారు. ఈ సంగతి పోర్చుగల్‌లో చాలామంది దుకాణదారులకు తెలుసు. నోరు విప్పి పొమ్మంటే కేసవుతుంది. బొమ్మ పెట్టుకుంటే ఎవరడుగుతారు? ఎంత మర్యాదస్తులో చూడండి!

ఆ సాయంత్రం ఒకటే వాన. ఒలిందా కొడుకు సౌలుకు ఇంకా ఏడాది నిండలేదు. వాడికి ఊపిరాడడం లేదు. గొంతులో పిల్లికూతలు, పెదాల చుట్టూ నీలం. మొగుడేమో బట్టల మూటలతో సంతకు పోయాడు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే గుడారాల దాకా దారి బాగాలేదు, పిల్లాణ్ణి రోడ్డు మీదికి తెమ్మన్నారు. తెచ్చింది. చాలాసేపు తడిసింది. బండి రాలేదు.

"మందుల షాపుకా? ఆ ప్రాణిని దాటి వెళ్తావుటే?" అంది రోడ్డు దాకా వచ్చిన అత్త, గుండెలు బాదుకుంటూ.

"నీ మనవడికి ఊపిరాడట్లేదత్తా. మొసలి కూర్చున్నా దాటుతా."

అంత మాటన్నది కానీ, గుమ్మం ముందుకొచ్చేసరికి కాళ్ళు కదల్లేదు. వీధిలో నరపురుగు లేదు. కప్ప కళ్ళు సూటిగా ఆమెనే చూస్తున్నాయి. దాన్ని చేత్తో తాకకూడదు. దాని చూపు పడితే బిడ్డకు కీడు. అందుకని తనవాళ్ళెవరైనా చేసే పనే చేసింది. చెప్పు కొసతో దాని మొహం గోడవైపు తిప్పేసి లోపలికి అడుగుపెట్టింది.

తలుపు గంట మోగింది. బల్ల వెనక నుంచి షాపు యజమాని, ముసలి డాక్టర్ సెర్కేరా తలెత్తాడు.

"నన్ను తరవాత తిడుదురుగాని డాక్టరు గారూ. ముందు వీణ్ణి చూడండి!"

"బొమ్మ..." అన్నాడాయన. "దాని మొహం ఎటుంది?"

"గోడవైపు తిప్పాను."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "మీరెంతమంది వచ్చారు?"

"నేనూ, నా బిడ్డా. కనబడట్లేదా?"

ఆయన చూస్తున్నది ఆమెను కాదు. ఆమె భుజం వెనక ఎవరినో.

గంట మళ్ళీ మోగింది. తలుపు మాత్రం కదల్లేదు.

టప్... టప్... నీళ్ళ చుక్కలు. తడిసిన ఉన్ని వాసన, కట్టెల పొగ వాసన. తమ గుడారాల వాసనే అది. ఒలిందా నేలకేసి చూసింది. తడి పాదాల గుర్తులు. చెప్పుల్లేని పాదాలవి. తన పక్కదాకా వచ్చి ఆగిపోయాయి...

"వెనక్కి చూడకు," అన్నాడాయన గుసగుసగా. ఊపిరాడే మందు గొట్టాన్ని సౌలు మొహానికి ఆనించాడు. "ఆ కప్పను మొదట మీవాళ్ళ కోసమే పెట్టాడు మా నాన్న. ఒకనాడు ఇలాంటి వానలోనే ఒకావిడ చంటిదాన్నెత్తుకుని గుమ్మం బయటే ఆగిపోయింది. దాటలేక... నాన్న ఈ కుర్చీలోంచి చూస్తూ కూర్చున్నాడు. బిడ్డ పోయింది. ఆ వెనకే ఆవిడా పోయింది."

"మరి ఇంకా ఎందుకు ఉంచారు?"

"అప్పట్నుంచీ... ఆవిడ కోసం. ఆవిడ లోపలికి రాకుండా."

ఒలిందాకు ఒళ్ళు మండింది. "లోపలికి రాకపోయుంటే నా బిడ్డనూ అలాగే చూస్తూ కూర్చునేవాడివా?" అని అడిగేసింది. ఆయన గొట్టాన్ని వాడి మొహానికి ఇంకాస్త ఆనించాడు.

సౌలు పెదాల మీద నీలం తగ్గింది. ఒలిందా వాడి ఛాతీకి చెవి ఆనించింది. ఊపిరి హాయిగా ఆడుతోంది. బతికాడు! ఏడుపు తన్నుకొచ్చింది.

కానీ పిల్లికూతలు ఆగలేదు.

సన్నగా... తడిగా... దగ్గర్లోనే. సౌలు గొంతులోంచి కాదు.

చల్లటి ఊపిరి మెడకు తగిలింది. తమ భాషలోనే, చెవి పక్కనే, బతిమాలుతున్న గొంతు.

"చెల్లీ... దీనిక్కూడా ఇప్పించవే..."

ఒలిందా కిందికి చూడలేదు. చూడలేకపోయింది. సౌలు ఎడమచేతి మీద నిద్రపోతున్నాడు. ఖాళీగా ఉన్న కుడిచేయి మెల్లమెల్లగా బరువెక్కుతోంది...