నల్ల ట్యాగు కమాండర్

భూపేష్‌ను తలచుకోకుండా దేవేంద్రప్పకు ముద్ద దిగదు. తలచుకున్నాక అసలే దిగదు.

గూఢచారి ఉద్యోగంలో శత్రువులకు కొదవా? సరిహద్దు అవతలి వాళ్లు అతని మీద రెండుసార్లు తుపాకీ పేల్చారు. సముద్రం అవతలి వాళ్లు ఒకసారి టీలో విషం కలిపారు. వాళ్ల మీద దేవేంద్రప్పకు పెద్దగా కోపం లేదు. జీతం తీసుకున్నారు, పని చేశారు. కోపమంతా డోన్‌లో ఒకప్పుడు తహసీల్దారుగా చేసిన భూపేష్ మీదే. రైల్వే గేటు పక్కన రోడ్డును ఆనుకుని దేవేంద్రప్ప నాయన భూమి ఉండేది. దాన్ని ఆ పెద్దమనిషి 'ఎమర్జెన్సీ కమాండ్ గ్రౌండ్' అని రాసుకుని లాగేశాడు. సిమెంటు పోయించాడు, బోర్డు పెట్టించాడు, రిబ్బను కత్తిరించి ప్రమోషన్ మీద కర్నూలుకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత అక్కడ మేకలు తప్ప ఎవరూ కమాండ్ చేసింది లేదు.

ఇక మిగిలింది గుట్ట వెనక ఉన్న శెనక్కాయ చేను. ఇప్పుడు దాని మీద కూడా భూపేష్ కన్ను పడింది. 'ఫేజ్ టూ' అట.

ఆ కడుపుమంటతోనే దేవేంద్రప్ప కర్నూలు బురుజు వెనక సందులో అత్తరు కొట్టు ముందు నిలబడ్డాడు.

"మైదుకూరు పసుపు దొరుకుతుందా?"

"కొమ్ములుండాయి, రంగు లేదు."

కోడ్ సరిపోయింది. కొట్టు వెనక తడిక తెరుచుకుంది. లోపల మీరా హుస్సేన్ సీసాలు తుడుస్తూ కూర్చున్నాడు. ఊరికి ఆయన అత్తరు సాయిబు, డిపార్ట్‌మెంటుకు సీమ జిల్లాల సెక్షన్ చీఫ్.

"కోబాల్ట్," అన్నాడు మీరా హుస్సేన్, తల ఎత్తకుండానే. "దుడ్లిచ్చినోళ్లకు పేలుళ్లు చేసిపెట్టే విదేశీ ముఠా. ఎల్లుండి మిలిటరీ సరుకు రైలొకటి మన మీదుగా పోతాండాది. అదే పొద్దు జిల్లాల్లో ఎమర్జెన్సీ మాక్ డ్రిల్ పెట్టినారు. డ్రిల్ ముసుగులో ఆ రైలును కొడతారంట."

"యాడ?"

"కడపలో. స్వర్ణలత చెప్పింది."

స్వర్ణలత పేరు వినగానే దేవేంద్రప్ప మూతి తిప్పుకున్నాడు. లోకానికి ఆమె ఢిల్లీ నుంచి వచ్చిన డిజాస్టర్ కన్సల్టెంటు. డిపార్ట్‌మెంటుకు మాత్రం కోబాల్ట్ ముఠాలోకి తాను దూర్చిన సొంత మనిషి. ఆమె నల్లకళ్లజోడు నెత్తిమీదికి జరిపితే చాలు, కలెక్టరాఫీసులో సంతకాలు వాటంతటవే పడిపోయేవి.

"మన పిల్లోళ్లందరినీ కడపకు పంపించినా," అన్నాడు చీఫ్. "నువ్వు డోన్ పో."

"డోన్‌లో ఏముండాది?"

"ఏమీ లేదు. అందుకే నిన్ను పంపిస్తాండా."

చీఫ్ ఒక చిన్న డబ్బీ జరిపాడు. అందులో చెవిటివాళ్లు పెట్టుకునే మిషన్ లాంటిది ఉంది. లోపల ట్రాన్స్‌మిటర్.

"పోయినసారి దీంట్లో రేడియో పాటలొచ్చినాయి సాయిబూ."

"పాటలొస్తే విను. ఏమప్పా, ఉద్యోగంలో అంత సుఖం కూడా వద్దా?"

దేవేంద్రప్ప లేచాడు గానీ కదలలేదు. "పనయ్యాక నా చేను సంగతి?"

మీరా హుస్సేన్ మొదటిసారి తల ఎత్తాడు. "ఫేజ్ టూ ఫైలు నా చేత్తో చింపిస్తా. మాటిస్తాండా."

*

డ్రిల్ రోజు దేవేంద్రప్ప మారువేషం శవం.

మాక్ డ్రిల్‌కు గాయపడినవాళ్లు కావాలి కదా. ఉపాధి కూలీలను తెచ్చి కొందరికి పసుపు ట్యాగు, కొందరికి ఎర్ర ట్యాగు కట్టారు. పసుపంటే ఆగొచ్చు, ఎరుపంటే వెంటనే ఆసుపత్రికి. నలుపంటే చచ్చిపోయినట్టు లెక్క. శవాన్ని ఎవరూ పలకరించరని దేవేంద్రప్ప కోరి నల్ల ట్యాగు కట్టించుకున్నాడు. మొహానికి ఎర్రరంగు పూసుకుని సిమెంటు మీద పడుకున్నాడు. పడుకున్నది తన నాయన భూమిలోనే. బతికుండగా కాలు పెట్టనివ్వలేదు, చచ్చాక పడుకోనిచ్చారు అనుకున్నాడు.

షామియానా కింద భూపేష్ మైకు పట్టుకున్నాడు. ఇప్పుడాయన జిల్లా స్థాయి అధికారి. నెత్తిన తెల్ల హెల్మెట్టు, ఒంటి మీద 'ఇన్సిడెంట్ కమాండర్' అని రాసిన మెరుపుల వెస్టు.

"మన ప్రాబ్లం ఏంటి? ప్రమాదం జరిగితే పోలీసు పోలీసు మాటే వింటాడు, ఫైరు ఫైరు మాటే వింటాడు. ప్రపంచమంతా దీనికో స్ట్రక్చర్ పెట్టుకుంది. ఒక మనిషికి ఒకే బాస్. పైన ఒకే కమాండర్. కింద ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్. ఎవరికి ఏ పనో వెస్టు మీద రాసుంటుంది. మనిషిని చూడొద్దు, వెస్టును చూడండి!"

అందరూ చప్పట్లు కొట్టారు. తన ఆఫీసులో తన మాటే ఎవరూ వినరు కాబట్టి వెస్టు కుట్టించుకున్నాడు అనుకున్నాడు శవం.

అప్పుడు కనిపించింది ఆమె. భూపేష్ చెవి దగ్గర వంగి ఏదో చెబుతోంది. నల్లకళ్లజోడు నెత్తిమీద ఉంది.

స్వర్ణలత. కడపలో పేలుతుందని చెప్పిన మనిషి డోన్‌లో ఏం చేస్తున్నట్టు?

దేవేంద్రప్ప ఒక కన్ను తెరిచి చుట్టూ చూశాడు. రైల్వే గేటుకు ఆనించి ఒక గ్యాస్ ట్యాంకర్ నిలిపారు. డ్రిల్ కోసం తెచ్చిన ఖాళీ బండి అని అందరికీ చెప్పారు. ఫైరింజన్లు, అంబులెన్సులు అన్నీ ఊరి అవతల కాలేజీ గ్రౌండులో ఉన్నాయి. కమాండర్ పిలిచేదాకా అక్కడి నుంచి కదలకూడదని రూలు. ఆ ఏర్పాటు ఎవరు చేశారో అడగక్కర్లేదు.

ట్యాంకర్ డ్రైవర్ కంబన్న నోట్లో బీడీ పెట్టుకున్నాడు. ముట్టించలేదు. రోడ్డు దాటాడు, కాలువ దాటాడు, కల్లుకొట్టు కూడా దాటి, అక్కడ అగ్గిపుల్ల గీశాడు.

శవం లేచి అతని వెనకే నడిచింది.

"ఏమప్పా, ఖాళీ బండికి అంత భయమా?"

కంబన్న పొగ వదిలాడు. "ఖాళీ అని కాగితంలో ఉండాది. ఎత్తు ఎక్కేటప్పుడు గేరుకు తెలీదా? మూతి దాకా ఉండాది గ్యాసు."

"మరి చెప్పలేదే?"

"ఎవురికి చెప్పాల? పోయి అడిగితే, నీ బాస్ ఎవురో చార్టులో చూసి చెప్తాం, కూచో అన్నారు. ఇంకా ఎతుకుతాండారు."

దేవేంద్రప్ప తిరిగొచ్చి ట్యాంకర్ పక్కన బోర్లా పడ్డాడు. శవమెక్కడ పడితే ఎవరికి పట్టింది? బండి కింద, ఇరుసు పక్కన నల్లటి పెట్టె అంటించి ఉంది. అందులో ఎర్రటి అంకెలు వెనక్కి పరుగెడుతున్నాయి. మిలిటరీ రైలు గేటు దాటే వేళకు సున్నా అవుతుంది. రైలుతో పాటు గేటు పక్కన సంత, సంతలో జనం, ఆ జనానికి అవతల సగం ఊరు.

చెవి మిషన్ నొక్కాడు. "కడప, కడప! దొంగది ఈడ ఉండాది. డోన్‌లో!"

మిషన్‌లో ఎవరో పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పి పాట వేశారు.

షామియానా పక్కన టేబుల్ మీద వైర్‌లెస్ సెట్టు ఉంది. దాని దగ్గర కానిస్టేబుల్ దిల్షాద్ కూర్చుంది. ఏ టీముకు ఏ ఆర్డరు పోవాలన్నా ఆమె చేతుల మీదుగానే పోవాలి.

"తల్లీ, ట్యాంకర్ నిండా గ్యాసుండాది. కింద బాంబుండాది. అందరికీ చెప్పు."

దిల్షాద్ అతని మెడలో ట్యాగు చూసింది. "పెద్దాయనా, నువ్వు సచ్చినావు. పోయి పండుకో."

"నిజంగా చెప్తాండా!"

"నిజంగా అని ఎవరన్నా అంటే అది కూడా డ్రిల్‌లో భాగమేనంట. పట్టించుకోవద్దని ఢిల్లీ మేడం పొద్దున్నే క్లాసు చెప్పింది. పో పెద్దాయనా, నా ఉద్యోగం తీయిస్తావు."

అతను నేరుగా భూపేష్ ముందుకు పోయాడు. రంగు పూసిన మొహాన్ని భూపేష్ గుర్తుపట్టలేదు. రంగు లేకపోయినా పట్టేవాడు కాదు. ఎవరి భూమి లాక్కున్నాడో వాళ్ల మొహాలు గుర్తుపెట్టుకునే అలవాటు ఆయనకు లేదు.

"ఎవర్రా ఈ డెడ్‌బాడీని లేపింది? నాకు డైరెక్టుగా చెప్పకూడదు. మెడికల్ యూనిట్ లీడర్‌కు చెప్పు, ఆయన లాజిస్టిక్స్‌కు చెప్తాడు, వాళ్లు నాకు చెప్తారు!"

పక్కనే ఉన్న స్వర్ణలత మాత్రం గుర్తుపట్టింది. నవ్వింది.

"చనిపోయినవాళ్లకు రిపోర్టింగ్ ఉండదు సర్," అంది తీయగా. "తీసుకెళ్లి పడుకోబెట్టండి."

ఇద్దరు హోంగార్డులు అతన్ని మోసుకెళ్లి పడేశారు. ముఠా ఏమీ కొత్తగా కనిపెట్టలేదు. ఈ సన్నాసులు ప్రశ్న అడగరని తెలుసుకుంది, అంతే.

కానీ ఆమెకు తెలియనిది ఒకటి ఉంది. సీమలో శాలువా కప్పకుండా ఏ పనీ మొదలుకాదు.

సైరన్ వేసే ముందు మైకులో ప్రకటన వచ్చింది. "ఇంత మంచి స్ట్రక్చర్‌ను మన జిల్లాకు తెచ్చిన భూపేష్ సార్‌కు సన్మానం!" కింది ఉద్యోగులు పూలదండ, జరీ శాలువా పట్టుకుని ఎగబడ్డారు. ఫోటోగ్రాఫర్ అడ్డుపడ్డాడు. "సార్, వెస్టు మీద శాలువా వేస్తే ఫోటోలో మూటలా ఉంటారు."

"సర్, వెస్టు తీయకండి!" స్వర్ణలత గొంతు మొదటిసారి పెరిగింది.

"ఒక్క ఫోటో మేడం." భూపేష్ వెస్టు విప్పి కుర్చీకి తగిలించాడు. పొట్ట లోపలికి పీల్చాడు.

కెమెరా మెరిసి ఆరేలోగా శవం కుర్చీ వెనకకు పాకింది.

దేవేంద్రప్ప వైర్‌లెస్ టేబుల్ దగ్గర నిలబడ్డాడు. మొహం అదే. ఎర్రరంగు అదే. మెడలో నల్ల ట్యాగు కూడా అదే. ఒంటి మీద వెస్టు ఒక్కటే కొత్త. దిల్షాద్ దిగ్గున లేచి సెల్యూట్ కొట్టింది.

"చెప్పండి కమాండర్ సార్!"

ఆ క్షణంలో అతనికి సంతోషం కలగలేదు. ఉమ్మేయాలనిపించింది.

"గేటు దగ్గర జనాన్ని ఖాళీ చేయించు. ఫైరింజన్లన్నీ గుట్ట వెనక బండ్లబాట మొదట్లో ఆగాల. రైలు ఆపమని స్టేషన్‌కు చెప్పు."

దిల్షాద్ వరసగా చెప్పేసింది. ఊరి అవతల సైరన్లు లేచాయి. స్టేషన్ నుంచి మాత్రం జవాబు వచ్చింది. "మా పేరు మీ చార్టులో లేదు. మాకు మా పైవాళ్లు చెప్పాల."

"ఆ కళ్లజోడు ఆడమనిషిని పట్టుకో!"

దిల్షాద్ ఎందుకని అడగలేదు. రెండంగల్లో పోయి స్వర్ణలత చేతులు వెనక్కి విరిచింది. ఆమె హ్యాండ్‌బ్యాగు లోంచి చిన్న పిస్తోలు సిమెంటు మీద పడింది. శాలువా కప్పుకున్న భూపేష్ నోరు తెరిచాడు. వెస్టు లేని ఆయన వైపు ఎవరూ చూడలేదు.

"బాగుంది దేవేంద్రప్పా," అంది స్వర్ణలత. "కానీ పెట్టె ముట్టుకుంటే పేలుతుంది. ముట్టుకోకపోయినా పేలుతుంది."

"ముట్టుకునేదెవురు? బండితో సహా తోలుకుపోతా."

కాలువ గట్టు మీద నుంచి కంబన్న తాళాలు విసిరాడు. "మూడో గేరు పట్టదన్నా! రెండులోనే లాగు!"

ట్యాంకర్ గర్జించింది. ఎటు పోవాలో అతనికి ముందే తెలుసు. ఎడమ చేతికి ఇళ్లు. కుడిచేతికి రాళ్లు పాతిన ప్లాట్లు, వాటిలో పునాదులు తీసే కూలీలు. మొత్తం చుట్టుపక్కల మనిషి లేని నేల ఒక్కటే మిగిలింది. అది గుట్ట వెనక ఉంది. ఏ బ్రోకర్‌కూ అమ్మలేదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు, కాబట్టే ఖాళీగా ఉంది.

దేవేంద్రప్ప స్టీరింగు మీద పిడికిలితో గుద్దాడు. వచ్చిన బూతులన్నీ తిట్టాడు. సగం కోబాల్ట్‌కు, సగం భూపేష్‌కు. తిడుతూనే బండ్లబాటలోకి తిప్పాడు.

చేను పచ్చగా ఉంది. కాయ గట్టిపడింది, పీకడమే తరువాయి. చక్రాల కింద చెట్లు పటపటమని విరుగుతుంటే అతను కళ్లు పక్కకు తిప్పుకున్నాడు. చేను నడిమధ్య బ్రేకు తొక్కి, తలుపు తన్ని, దూకి, గుట్ట రాళ్ల వైపు పరుగెత్తాడు. అవతల గేటు దగ్గర రైలు కూత వేసింది. చివరి పెట్టె గేటు దాటింది.

గుట్ట వణికింది. ఆకాశం ఎర్రబడింది. మంట గుట్ట మీదుగా తొంగిచూసింది గానీ ఊరి వైపు దిగలేకపోయింది. బాట మొదట్లో కాచుకున్న ఫైరింజన్లు నీళ్లు చిమ్మాయి. ఎవరూ చావలేదు. చచ్చినట్టు రాసుకున్న ఒక్కడు మాత్రం రాళ్ల చాటున కూర్చుని, శెనక్కాయలు మాడిన వాసన పీల్చుకున్నాడు.

*

సాయంత్రం టీవీలో భూపేష్ శాలువాతోనే మాట్లాడాడు. "ఇది స్ట్రక్చర్ సాధించిన విజయం. కీలక సమయంలో నేనే కమాండ్‌ను పద్ధతి ప్రకారం బదిలీ చేశాను." ఎవరికి బదిలీ చేశాడో చెప్పలేదు. శవం పేరు కనుక్కోవాలని ఆయనకు తోచి ఉండదు.

మీరా హుస్సేన్ మాట తప్పే మనిషి కాదు. ఫేజ్ టూ ఫైలు చింపించి, ముక్కలు అత్తరు కాగితంలో చుట్టి పంపించాడు. ఆ పొట్లం జేబులో పెట్టుకుని దేవేంద్రప్ప చేనికి పోయాడు.

చేను చుట్టూ ఎర్ర టేపు కట్టి ఉంది. కొత్త బోర్డు వెలిసింది. 'హాట్ జోన్. ప్రవేశం లేదు. శాశ్వత శిక్షణా స్థలం. ఉత్తర్వు: భూపేష్.' టేపు దగ్గర దిల్షాద్ డ్యూటీలో ఉంది.

"లోపలికి పోవాల తల్లీ. నా చేను."

ఆమె అతని ఒంటి వైపు చూసింది. "వెస్టు యాడ పెద్దాయనా?"

దేవేంద్రప్ప బోర్డును ఇంకోసారి చదువుకున్నాడు. మిలిటరీ రైలు క్షేమం, డోన్ క్షేమం, భూపేష్ అందరికంటే క్షేమం. పోయిందల్లా అప్పుడు రోడ్డు పక్కన రెండెకరాల ఇరవై ఎనిమిది సెంట్లు, ఇప్పుడు గుట్ట వెనక ఎకరా డెబ్బై రెండు సెంట్లు.