బండి బాగుందన్న మాట

పాలు పొంగి గట్టు మీదికి, అక్కణ్ణుంచి నేల మీదికి కారుతున్నాయి. పొయ్యి పక్కనే కుర్చీలో కూర్చుని పెద్దాయన తాపీగా బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. గిన్నె మీద మూత టకటకా కొట్టుకుంటున్నా తల ఎత్తలేదు. కోడలు పక్కగదిలోంచి పరుగున వచ్చి పొయ్యి కట్టేసి, గుడ్డ అందుకుంటూ ఏదో అంది. ఆవిడ పెదవులు కదలడం మాత్రం ఆయనకు కనిపించింది.

"ఏదో ఆలోచనలో పడ్డానమ్మా" అన్నాడు. ఆ జవాబు ఏ ప్రశ్నకైనా ఇట్టే అతుకుతుంది. ఈమధ్య అలాంటివి నాలుగైదు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటున్నాడు.

కోడలు ఎదురుగా వచ్చి నిలబడి మళ్ళీ చెప్పింది. ఈసారి పెదవుల్ని బట్టి అర్థమైంది. మీ అబ్బాయి ఇంకా తయారవుతున్నారు, ఈలోగా మీరేమైనా తినండి మామయ్యా అంటోంది. అలాగేనని తల ఊపి పళ్ళెం ముందుకు లాక్కున్నాడు. లోపల మనసు ఉరకలు వేస్తోంది. ఇవాళ కొడుకు తనను వెంటబెట్టుకుని బండి చూడ్డానికి వెళ్తున్నాడు మరి.

ఆ బండి లో-బెడ్ ట్రెయిలరు. నేలబారుగా, పొడుగ్గా ఉండి, బుల్డోజర్లనూ క్రేన్లనూ వీపుమీద ఎక్కించుకుని పోతుంది. కొత్తది కొనాలంటే అందరికీ అయ్యే పని కాదు కనక పాతవే చేతులు మారుతుంటాయి. పాతదాంట్లో ఏ రోగం దాగుందో పైకి తెలియదు. రంగు పూస్తే ముసలి బండి కూడా పెళ్ళికూతురే. అందుకే కొనేవాళ్ళంతా ముందు ఈయన దగ్గరికొచ్చేవాళ్ళు. ఈయన చిన్న సుత్తి ఒకటి పట్టుకుని బండి కిందికి దూరి, ఉక్కు దూలాల పొడుగునా కొట్టుకుంటూ పోయేవాడు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. అతుకులో పగులుంటే బొంగురుగా పలుకుతుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అదే విద్య. బయటికొచ్చి ఆయన 'బాగుంది' అంటే బేరం కుదిరినట్టే. 'వద్దు' అంటే ఎంత చవగ్గా ఇస్తామన్నా ఎవరూ ఆ బండి ముట్టుకునేవాళ్ళు కాదు. ఊరందరికీ ఆయన సుత్తి మామ అయిపోయాడు. ముక్తసరి మనిషికి ఆ పేరేమిటయ్యా, ఒక్కనాడైనా మమ్మల్ని సుత్తి కొట్టావా అని తోటివాళ్ళు ఆటపట్టిస్తే తనూ నవ్వేవాడు.

ఇంట్లో మాట్లాడే పనంతా భార్య చూసుకునేది. ఆవిడ గొంతు విప్పితే వీధి చివరిదాకా వినిపించేది. ఆవిడ పోయాక ఇల్లు మూగబోయింది. మనిషి పోతే ఇల్లు ఇంతే కాబోలని సరిపెట్టుకున్నాడు. గడియారం, కుళాయి, పక్కింటి కుక్క ఒక్కొక్కటే గొంతు పోగొట్టుకుంటుంటే అదీ దుఃఖమే అనుకున్నాడు, పిచ్చిమారాజు. ఒకనాడు కిటికీ తెరిచి చూస్తే బయట కుండపోతగా వాన. అంత వానా చప్పుడు లేకుండా కురుస్తోంది. ఆవిడతో పాటు తన చెవులూ పోయాయని అప్పుడు తెలిసింది. ఎడమది పూర్తిగా పోయింది. కుడిచెవి దగ్గర ఎవరైనా అరిస్తే కాస్త అందుతుంది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు, చెవికేదో తగిలిస్తారు, అదంతా ఆయనకూ తెలుసు. కానీ చెవుడొచ్చిన సుత్తి మామను ఏ బండి దగ్గరికి ఎవరు పిలుస్తారు? ఏ పనికీ రాని వస్తువులా మూలన పడి ఉండాలి. ఇప్పటికే కొడుకు తనను మనిషిలా చూడడం మానేశాడు. వాళ్ళమ్మ పోయిన కొత్తలో, ముసలివాడు ఆయుష్షంతా నడిపిన ట్రెయిలర్ని వాడు చెప్పాపెట్టకుండా అమ్మేశాడు. తండ్రికి కోపం వచ్చిన మాట నిజమే. రెండు పూటలు అన్నం మానేశాడు, తర్వాత మర్చిపోయాడు. తుప్పు పట్టిన ఇనుము కోసం కన్నకొడుకుతో పంతమేమిటి? విచిత్రమేమిటంటే, అప్పటినుంచీ వాడే ముఖం చాటేశాడు. ఏడాది దాటింది. ఒకే కప్పు కింద తింటారు, పడుకుంటారు. ఏదైనా చెప్పాల్సి వస్తే కోడలితో చెప్పిస్తాడు. నేను భారమైపోయాను అనుకున్నాడు పెద్దాయన. అనుకుని, ఇంట్లో మరింత తక్కువ చోటులో కూర్చోవడం నేర్చుకున్నాడు.

ఇవాళ్టి ప్రయాణం కూడా కోడలి చలవే. కొడుకు ఇన్నాళ్ళూ ఎవరెవరివో బండ్లు తోలాడు. ఇప్పుడొక రోడ్డు కంపెనీ, సొంత ట్రెయిలరుంటే యంత్రాలు మోసే పని నీకే ఇస్తామంది. వాడొక పాత బండిని చూసి మనసు పారేసుకున్నాడు. మామయ్య చూసి సరేనంటేనే కొనాలి, లేకపోతే నేనొప్పుకోనని కోడలు పట్టుబట్టింది. ఆ మాట ఆవిడ చేతులు తిప్పి మరీ చెప్పడంతో పెద్దాయనకు పూర్తిగా అర్థమైంది. తన మీద ఆ పిల్లకున్న నమ్మకానికి కడుపు నిండిపోయింది. ఆ వెంటనే, సుత్తి చప్పుడు తనకెలా వినబడుతుందన్న భయం పట్టుకుంది.

దారిలో తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. కాస్తో కూస్తో పనిచేసే చెవి కొడుకు వైపే ఉంది కానీ, అరిస్తే తప్ప దానికేదీ అందదు. కొడుకు స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. వాడి కణతల దగ్గర నెరిసిన వెంట్రుకలు చూసి, ఇవెప్పుడొచ్చాయిరా అని అడగబోయాడు. అడిగితే వాడేదో చెబుతాడు, అది తనకు వినబడదు. నోరు మూసుకున్నాడు.

యార్డులో పాత ట్రెయిలర్లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. యజమాని లావుపాటి మనిషి, నవ్వితే బుగ్గలు కళ్ళను మూసేస్తాయి. సుత్తి మామను గుర్తుపట్టి రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. మీ చెయ్యి పడితే మా బండికి అంతకంటే ఏం కావాలి అంటున్నాడని ముఖాన్ని బట్టి తెలిసింది. కొడుక్కి నచ్చిన బండి చివర్లో ఉంది. పసుప్పచ్చగా తళతళలాడుతోంది, రంగు వాసన ఇంకా పోలేదు.

పెద్దాయన నేల మీద వెల్లకిలా పడుకుని కిందికి జరిగాడు. లో-బెడ్‌కి ప్రాణమంతా ముందు లారీకి తగిలించే ఎత్తైన మెడ వచ్చి కింది పలకతో కలిసేచోటే ఉంటుంది. బరువంతా మోసేది అక్కడే. చెడితే అక్కడే చెడుతుంది. సుత్తితో కొట్టాడు. ఏమీ లేదు. ఇంకాస్త గట్టిగా కొట్టాడు. చేతికి అదురు తెలిసింది కానీ చప్పుడు రాలేదు. అరచెయ్యి ఉక్కుకు ఆనించి కొట్టి చూశాడు. కుడిచెవి దాదాపు దూలానికి తాకించి కొట్టాడు. దూరంగా, ఎక్కడో తలుపు అవతల ఏదో కదిలినట్టనిపించింది, అంతే. అది ఖంగుమందో బొంగురుపోయిందో ఆ దేవుడికే తెలియాలి. రంగు కింద ఏముందో కంటికి ఆనడం లేదు. ఇంత పెద్ద ఇనుము కింద పడుకుని ఇంత ఒంటరిగా ఆయన ఎప్పుడూ లేడు.

చాలాసేపటికి బయటికొచ్చాడు. కొడుకు ఎదురుగా నిలబడి తన ముఖంలోకే చూస్తున్నాడు. ఏడాదిగా తప్పించుకు తిరిగిన ఆ కళ్ళు ఇప్పుడు తన నోటి కోసం ఎదురుచూస్తున్నాయి.

"బాగుంది" అన్నాడు.

కొడుకు ముఖం విప్పారింది. చిన్నప్పుడు లారీ క్యాబిన్లోకి ఎత్తి కూర్చోబెడితే నవ్వేవాడు, అదే నవ్వు. తండ్రి భుజం మీద దుమ్ము కూడా దులిపాడు. ఆ చెయ్యి ఇంకాసేపు అక్కడే ఉంటే బాగుండుననిపించింది. ఆ నవ్వు కోసమే అబద్ధం ఆడానని ఆయనకు తెలుసు.

బేరం చకచకా నడిచింది. బరువెక్కించి చూపిస్తానని యజమాని మనుషుల్ని కేకేశాడు. పక్కనున్న బుల్డోజరు పొగ కక్కుకుంటూ వెనక వాలు మీదుగా ట్రెయిలరెక్కింది. పలక కొంచెం కుంగింది. బరువు పడ్డాక కింద దూలాలు ఎలా ఉన్నాయో చూద్దామని కొడుకు చొక్కా చేతులు మడుచుకుని బండి కిందికి దూరాడు. మెడ అతుక్కి సరిగ్గా కిందుగా వాడి ఛాతీ ఉంది. బయటికి కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

పెద్దాయన చూపు ఆ కాళ్ళ మీద పడింది. తనకు వినబడని ఇనుము కింద తన కొడుకు పడుకున్నాడు. బాగుందని తనే చెప్పాడు గనక ధీమాగా పడుకున్నాడు. ఆయనకిక పరువూ గుర్తులేదు, వయసూ గుర్తులేదు. వంగి రెండు కాళ్ళూ పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి బయటికి ఈడ్చాడు. కొడుకు వీపు దోక్కుపోయింది. బిత్తరపోయి లేచి కూర్చుని ఏదో అరిచాడు.

"నాకు వినబడదురా" అన్నాడు పెద్దాయన. గొంతు ఎంత పెద్దగా వస్తోందో ఆయనకే తెలియలేదు. యార్డంతా తిరిగి చూసింది. "సుత్తి చప్పుడు నాకు వినబడలేదు. ఈ బండి మంచిదో కాదో నాకు తెలియదు. కొనకు."

యజమాని బుగ్గల్లోంచి నవ్వు జారిపోయింది. కొడుకు లేచి నిలబడ్డాడు. బుల్డోజరును దింపించాడు. సుత్తి తీసుకుని ఈసారి పక్కనుంచి వంగి, మెడ అతుకు మీద తనే కొట్టాడు. ఆ చప్పుళ్ళ మధ్య పెరిగినవాడే. మొదటి దెబ్బకు వాడి ముఖం మామూలుగానే ఉంది. కొంచెం జరిగి ఇంకోటి కొట్టాడు. వాడి కనుబొమలు ముడిపడ్డాయి, యజమాని నేల చూపులు చూశాడు. బొంగురుగా పలికిందని పెద్దాయన వాళ్ళ ముఖాల్లోనే విన్నాడు.

యజమాని, నాకూ తెలియదు, నేనూ కొన్నదే ఇది అని చేతులు తిప్పుకుంటూ ఆఫీసు వైపు నడిచాడు. కొడుకు సుత్తిని నేలకేసి కొట్టి తండ్రి మీదికొచ్చాడు. కోపంలో మాటలు తొందరగా వస్తాయి కదా, పెద్దాయనకు పెదవులు అందలేదు. అది గమనించి కొడుకు ఆగాడు. ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడిగా, బిగ్గరగా అడిగాడు.

"తెలియనప్పుడు బాగుందని ఎందుకన్నావు?"

"నువ్వు నా వైపు చూశావురా" అన్నాడు. "ఏడాదయింది నువ్వలా చూసి. వినబడలేదంటే మళ్ళీ ముఖం తిప్పుకుంటావనిపించింది." చెబుతుండగానే కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. నిన్ను చంపబోయానురా, నా నోటితో నేనే చంపబోయాను అని చేతులతో తల కొట్టుకున్నాడు.

కొడుకు ఆ చేతులు పట్టుకున్నాడు. ఎప్పటినుంచి అని అడిగాడు. మీ అమ్మ పోయినప్పటినుంచి అన్నాడు పెద్దాయన. ముందు ఇల్లే మూగబోయిందనుకున్నాను, నా చెవులని తర్వాత తెలిసింది అన్నాడు. కొడుకు ముఖం తెల్లగా పాలిపోయింది. కాసేపు ఏదో లెక్క వేసుకుంటున్నవాడిలా నిలబడ్డాడు.

"అయితే ఆ రోజు నేను చెప్పింది?"

"ఏ రోజురా?"

కొడుకు అలాగే నేల మీద కూలబడ్డాడు. తండ్రీ పక్కన కూర్చున్నాడు. బండి అమ్మిన నాలుగో రోజో అయిదో రోజో, నువ్వు పెరట్లో చేతులు కడుక్కుంటున్నావు నాన్నా అని మొదలుపెట్టాడు. నీ ముఖం చూసి చెప్పే ధైర్యం లేక వెనక నిలబడి చెప్పాను. ఎంతసేపో నిలబడ్డాను. నువ్వు తల కూడా తిప్పలేదు. చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయావు. నన్ను జన్మలో క్షమించవనుకున్నాను. ఇక నీకెదురుపడాలంటే సిగ్గేసేది.

పెద్దాయన వాడి పెదవుల్ని చూస్తూ ఉండిపోయాడు. వాడు దూరం పెట్టాడని తను కుమిలిపోయాడు. తండ్రి క్షమించలేదని వాడు కుమిలిపోయాడు. ఒకే ఇంట్లో, పక్కపక్క గదుల్లో. ఎంత పని జరిగిపోయిందిరా భగవంతుడా అనుకున్నాడు.

"ఏం చెప్పావురా ఆ రోజు?" అని అడిగి, కుడిచెవి వాడి వైపు తిప్పాడు.

కొడుకు చుట్టూ చూశాడు. బుల్డోజరు దింపినవాళ్ళు పని ఆపి నిలబడ్డారు. ఆఫీసు గుమ్మంలో యజమాని ఉన్నాడు. మగవాడు నలుగురిలో అరిచి చెప్పే మాట కాదది. అయినా వాడు తండ్రి చెవి దగ్గరికి వంగి, గొంతు బొంగురుపోతుండగా అరిచాడు.

"తప్పయిపోయింది నాన్నా. నాతో మాట్లాడు."

ఆ మాట అందింది. ఎక్కడో తలుపవతలి నుంచి అందినట్టే అయినా, ప్రతి అక్షరం అందింది. ఏడాదిపాటు ఎవరి గొంతూ రాని ఆ చెవిలోకి కొడుకు గొంతు వెచ్చగా దిగింది. పెద్దాయన వాడి నెరిసిన కణతల మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు. వినబడిందా నాన్నా అని వాడు కళ్ళతోనే అడుగుతున్నాడు.

"వినబడలేదురా" అన్నాడు. "ఇంకోసారి చెప్పు."