చీకటిగది పాతర

ఆ ఏడు ఎండాకాలం, బీఏ పరీక్షలు రాసి అనంతపురం నుంచి పామిడి పక్కనున్న మా ఊరికి వచ్చేసరికి మా ఇంటికి సగం కప్పు లేదు. మా నాయన నరసింహప్ప పాత మట్టిమిద్దెను విప్పి, వెనక మూడు గదులు కలిపి, తాడిపత్రి బండలు పరిపించాలని పని మొదలుపెట్టాడు. దూలాలన్నీ పెరట్లో చేరాయి. మిద్దె మీది చౌడుమట్టి వాకిట్లో కుప్పలు పడి ఉంది. నడిమింటి చీకటిగది ఒక్కటే ఇంకా నిలబడి ఉంది. దాన్ని ముట్టుకోవద్దని, నాయనను కన్న మా జేజి అడ్డం పడింది.

కాలేజీ వాదనల పోటీల్లో మూడేళ్లు వరసగా బహుమతి నాదే. జేజి ఒక లెక్కా?

"గాలీ వెలుతురూ లేని గదిని ఎందుకు దాచుకుంటావు జేజీ? గబ్బిలాలకు బాడుగకిస్తావా?" అన్నాను.

ఆమె లేచి పెరట్లోకి వెళ్లిపోయింది, మళ్లీ ఆ గది వైపు రాలేదు. గెలిచాననుకున్నాను.

మర్నాడు చీకటిగది నేల తవ్వుతుంటే గుండ్రటి బండ బయటపడింది. కింద పాతర, పాత రోజుల్లో జొన్నలు దాచుకునే గొయ్యి. దాన్ని శుభ్రం చేసి రాళ్లతో నింపకపోతే కొత్త గోడ కుంగుతుందన్నాడు మేస్త్రీ ఆదెప్ప. తాడుకు లాంతరు కట్టి దింపితే టక్కున ఆరిపోయింది. చెడ్డగాలి ఉందని రెండు రోజులు తెరిచి పెట్టారు. మూడోరోజు దీపం నిలబడింది.

పాతర మూతి ఇరుకు. ఆదెప్ప భుజాలు పట్టవు. అతని పెండ్లాం మారెక్క బక్కపలచటి మనిషి, నా ఈడుదే. వాకిట్లో చీర ఉయ్యాలలో ఏడాది బిడ్డ నిద్రపోతోంది.

"దిగుతావా?" అన్నాను.

"దిగనంటే నువ్వు ఇడుస్తావా యశోదమ్మా? వాదించి వాదించి దింపుతావు. బిడ్డ లేచే లోపల గుంజేయండి, పాలకు ఏడుస్తాది."

ఆదెప్ప ఆమె నడుముకు తాడు కట్టాడు. "పాతర్లోకి దిగినోళ్ల పేరు పైనోళ్లు పిలుస్తానే ఉండాల. 'ఓ' అంటే బాగుండారని. పలక్కపోతే గుంజేయాల. మధ్యలో ఆపకూడదు," అన్నాడు.

"నేను పిలుస్తాలే."

"ఉపన్యాసం చెప్పొద్దు. పేరు పిలువు, చాలు," అని నవ్వి, మారెక్క లాంతరుతో లోపలికి జారింది.

మిట్టమధ్యాహ్నం. బయట ఎండ నిప్పులు కక్కుతోంది. ఆ గదిలో మాత్రం కప్పులోని గవాక్షి నుంచి దిగే చేతి వెడల్పు వెలుగు తప్ప అంతా చీకటే. పాతరలోంచి ముక్కిపోయిన జొన్నల వాసన, తడి గడ్డి వాసన. మూడేళ్లుగా వాన చుక్క ఎరుగని ఊర్లో తడి వాసన.

"మారెక్కా..."

"ఓ..."

"మారెక్కా..."

"ఓ... కుళ్లిన గడ్డే అంతా..."

అప్పుడు జేజి గోడ పట్టుకుని లోపలికి వచ్చింది. తెరిచిన మూతి చూసి అక్కడే కూలబడింది.

"ఎవుర్ని దింపినారే?"

"మారెక్కను. ఏమిప్పుడు?"

"మా తాతల నాటి ధాత కరువులో ఇట్లే ఒకామెను గింజలెత్తేకి దింపినారంట. ఆమె లోపల ఉండగానే ఆకలిగొన్న జనం ఇంటి మీద పడినారు. ఈడ గింజలుండాయని తెలీకూడదని, ఆమె ఉండంగానే బండ మూసేసినారు. మా అత్త సచ్చేముందు చెప్పింది."

నాకు ఒళ్లు మండింది. "పాపం మూసినవాళ్లదైతే, మూయబడినదాని మీద భయమెందుకు? ఇంతకాలం ఎందుకు నోరు మూసుకున్నారు? ఆమె పేరేమి?"

"పేరు ఎవురికి గుర్తుండాదే? అదే నా భయం. పిలిచేవాళ్లు లేనిది, ఏ పేరు పిలిచినా పలుకుతాది."

నేను ఇంకా ఏవేవో అన్నాను. న్యాయం గురించి, మూఢనమ్మకాల గురించి. ఎంతసేపు అన్నానో తెలియదు.

"యశోదమ్మా," ఆదెప్ప తాడు బిగించి పట్టుకున్నాడు. "పిలుస్తాండావా?"

పిలవలేదు.

పాతర మూతి మీదికి వంగాను. కింద దీపం లేదు.

"మారెక్కా..."

నిశ్శబ్దం.

"మారెక్కా..."

"ఓ..."

"ఓ..."

రెండు. ఒకటి మూతికి దగ్గరగా. ఒకటి ఎక్కడో అడుగున. రెండూ ఒకే గొంతు.

ఆదెప్ప తాడు గుంజాడు. నేనూ పట్టుకున్నాను. బరువు లేదు... ఖాళీ గంప లాగుతున్నట్టుంది. ముందు వేళ్లు కనిపించాయి, తర్వాత మొహం. మారెక్కే. తలంతా తెల్లటి దుమ్ము. గవాక్షి వెలుగులోకి రాగానే కళ్లు మూసుకుంది.

ఆమె మొదట అడిగిన మాట బిడ్డ గురించి కాదు.

"వానలు పడినాయా?"

నేను, ఎందుకో, పాతరలోకి ఇంకోసారి పిలిచాను. చాలా మెల్లగా.

"మారెక్కా..."

పక్కనున్న మనిషి పలకలేదు.

"ఓ... తాడు ఎయ్యండి..." కింద నుంచి.

ఆదెప్ప నా వైపు చూడలేదు. "నా పెండ్లాం ఈడనే ఉండాది గదా? ఉండాది గదా యశోదమ్మా?"

మూడేళ్లు ఎవరికీ ఓడని నా నోరు.

"ఉండాది," అన్నాను.

అతను బండను మళ్లీ పాతర మూతి మీదికి జరిపాడు. బరువైన బండ. నేనూ ఒక చెయ్యి వేశాను.

వాకిట్లో బిడ్డ లేచి ఏడుస్తోంది. పైకి వచ్చిన ఆమె ఎత్తుకుంది. బిడ్డ మెడ వెనక్కి విరుచుకుని, గుక్క తిప్పుకోకుండా, చీకటిగది వైపు చేతులు చాచింది.

పాతర నింపకుండానే ఇల్లు పూర్తయింది. చీకటిగది ఉన్న చోట ఇప్పుడు నాలుగు కిటికీల సావడి. తాడిపత్రి బండల మీద కాళ్లు చల్లగా ఉంటాయని వచ్చినవాళ్లందరూ మెచ్చుకుంటారు. ఆమె మా ఇంట్లోనే పనికి వస్తుంది. జొన్నలు చెరిగేటప్పుడు కింద పడిన ఒక్కో గింజనూ ఏరి నోట్లో వేసుకుంటుంది. మా ఇంట్లో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవరు.

మొన్న మబ్బు పట్టింది. పెరట్లో ఆరేసిన బట్టలు తడుస్తాయని, సావడిలో నిలబడి, నోరు జారి పిలిచాను.

"మారెక్కా..."

పెరట్లోంచి "ఓ" అని వినిపించింది. కాస్త ఆలస్యంగా, ఆ పేరు తనదేనా అని తలచుకుని పలికినట్టు.

దానికంటే ముందే పలికింది, నా పాదాల కింది బండ.